వేళ్లకు దారి తెలియని కారు: 63 ఏళ్ల చోదకుడితో పదకొండు వారాలు

తిరుపతిలో నేను పందొమ్మిదేళ్లుగా కారు నడపడం నేర్పుతున్నాను. మొదట్లో నా దగ్గరకు వచ్చేవాళ్లంతా స్టీరింగ్ పట్టడం కొత్తవాళ్లే. గత నాలుగైదేళ్లుగా మరో రకం శిష్యులు కూడా వస్తున్నారు. ఇరవై, ముప్పై ఏళ్లు కారు నడిపిన వీళ్లు, ఇంటికి విద్యుత్ కారు వచ్చాక తమ చేతులూ కాళ్లూ తమ మాట వినడం లేదని చెప్పుకోవడానికి మొహమాటపడుతూ వస్తారు. వాళ్లలో ఒకరితో చేసిన పనిని ఆయన అనుమతితో ఇక్కడ రాస్తున్నాను. ఆయన పేరు, ఉండే వీధి, కారు తయారుచేసిన సంస్థ పేరు రాయడం లేదు. ఈ కేసులో మొదటి రెండు వారాలు నేను తప్పు పాఠం చెప్పాను. తోటి శిక్షకులకు అన్నిటికంటే ఉపయోగపడేది ఆ భాగమేనని నమ్ముతున్నాను కనుక దాన్ని దాచకుండా రాస్తున్నాను.

సమస్య ఎలా వచ్చింది

ఆయన ఉన్నత పాఠశాలలో లెక్కలు చెప్పి పదవీ విరమణ చేసిన ఉపాధ్యాయుడు. 2002 నుంచి ఒకే మారుతీ ఆల్టో నడిపారు. బెంగళూరులో ఉద్యోగం చేసే కుమారుడు 2024 ఆగస్టులో ఒక విద్యుత్ ఎస్‌యూవీ కొనిచ్చాడు. 45 యూనిట్ల బ్యాటరీ, డ్యాష్‌బోర్డు మధ్యలో పన్నెండు అంగుళాల తెర, దాని కింద బటన్లకు బదులు తాకితే పనిచేసే నున్నటి ఏసీ పలక, గేరు కడ్డీ ఉండాల్సిన చోట తిప్పే నాబ్, స్టీరింగ్ వెనుక రెండు పక్కలా చిన్న రెక్కల్లాంటి ప్యాడిళ్లు ఉన్న కారు అది. ముందు వాహనాన్ని బట్టి వేగం సర్దుకునే క్రూయిజ్, గీతల మధ్య నుంచి పక్కకు పోకుండా స్టీరింగ్‌ను లాగే ఏర్పాటు, గుద్దుకోబోయే ముందు తానే బ్రేకు వేసే ఏర్పాటు కూడా అందులో ఉన్నాయి. కారు అప్పగించిన రోజు షోరూములో ఒక అబ్బాయి ముప్పావు గంటసేపు ఫోన్ జతచేయడం, పాటలు పెట్టుకోవడం, లోపలి దీపాల రంగు మార్చుకోవడం ఓపిగ్గా చూపించాడట. వానలో ముందు అద్దం మీద ఆవిరి కమ్మితే వేలు ఎక్కడ పెట్టాలో ఆ ముప్పావు గంటలో రాలేదు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం భార్యతో కలిసి రేణిగుంట నుంచి కరకంబాడి రోడ్డు మీదుగా ఇంటికి వస్తుండగా గట్టిగా వాన పట్టుకుంది. అద్దం లోపలి వైపు మసకబారింది. ఆల్టోలో అయితే ఆయన ఎడమచెయ్యి మీట ఉన్న చోటికి తానే వెళ్లి, ఎంత జరపాలో అంతే జరిపి వెనక్కి వచ్చేది. ఇక్కడ తాకాల్సిన గుర్తు ఏసీ పలకమీద లేదు. తెరమీద ఏసీ పేజీ తెరిస్తే గాని కనిపించదు. ఆయన తెర వైపు చూశారు, తాకారు, తడబడ్డారు, మళ్లీ తాకారు. ఇంతలో వానకోటు వేసుకున్న స్కూటరు మనిషి ఒకరు ఎదుట వేగం తగ్గించారు. ఆయన తలెత్తేలోగా కారే కీచుమని బ్రేకు వేసి నిలబడింది. జానెడు దూరంలో స్కూటరు వెనుక దీపం.

గంటకు 40 కిలోమీటర్ల వేగమంటే సెకనుకు 11 మీటర్లు. నాలుగు సెకన్లు తెర చూస్తే 44 మీటర్ల రోడ్డు చూడకుండా దాటినట్టు. లెక్కల మాస్టారికి ఈ లెక్క నేను చెప్పనక్కరలేదు. ఆ రాత్రే వేసుకున్నారు. మరునాడు నా దగ్గరకు వచ్చి, “చూడప్పా, ఇరవై రెండేండ్లు బండి తోలినోణ్ణి. ఏసీ మార్చేదానికి కండ్లజోడు సర్దుకోవాల్సి వచ్చింది. నాకు వయసు అయిపోయిందా, బండిలోనే తప్పుండాదా చెప్పు” అన్నారు. ఆయన భార్య ఆ కారు ఇక ఎక్కనని తేల్చిచెప్పారు. ఆయనను కాపాడింది కూడా ఆ కారులోని యంత్రమే అన్నది మేమిద్దరం మొదటి రోజే ఒప్పుకున్న సంగతి. తెర వద్దు, ఆటోమేషన్ వద్దు అని రెండింటినీ ఒకే గాటన కట్టడం ఈ కేసులో కుదరదు.

ఇది మన వీధుల్లోని పెద్దవాళ్ల ఇబ్బంది మాత్రమే కాదు. జర్మనీలో వానలో వైపర్ వేగం మార్చడానికి కారు తెరలోని మెనూ తెరిచిన చోదకుడు రోడ్డు తప్పి ప్రమాదానికి గురైన కేసులో, కార్ల్స్‌రూహె ఉన్నత న్యాయస్థానం 2020లో అతనికి పడిన జరిమానాను, నెల రోజుల డ్రైవింగ్ నిషేధాన్ని సమర్థించింది. నడుపుతూ ఫోన్ చూడటానికీ, కారులో బిగించిన తెరను చూస్తూ ఉండిపోవడానికీ చట్టం దృష్టిలో పెద్ద తేడా లేదని ఆ తీర్పు సారం.

నేను చెప్పిన తప్పు పాఠం

మొదటి రెండు వారాలు నేను ఆయనకు తెర నేర్పాను. ఏ పేజీలో ఏముందో బొమ్మ గీసి ఇచ్చాను. ఆయన ఎక్కం అప్పజెప్పినట్టు చెప్పేవారు: ఏసీ గుర్తు ఎడమ అడుగున, ఆవిరి తుడిచేది రెండో వరుసలో మూడోది, దీపాల ఎత్తు మార్చేది సెట్టింగుల్లో వాహనం అనే పేజీలో. ఇంటి షెడ్డులో నిలిపిన కారులో ఒక్క తప్పు లేకుండా చేసేవారు. కారు కదలగానే అంతా కలగాపులగమయ్యేది. రోడ్డు కుదుపుకు వేలు పక్క గుర్తు మీద పడేది. పడింది సరైన చోటో కాదో తెలియాలంటే మళ్లీ చూడాలి. నా ఫోన్‌ను డ్యాష్‌బోర్డుకు బిగించి ఆయన చూపును వీడియో తీశాను. ఏసీ రెండు డిగ్రీలు తగ్గించడానికి ఆయన మూడుసార్లు తెర వైపు చూశారు. వాటిలో ఒక చూపు మూడు సెకన్లు దాటింది. అమెరికా రహదారి భద్రతా సంస్థ 2013లో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం ఒక్కో చూపు రెండు సెకన్లకు మించకూడదు, ఒక పని మొత్తానికి పన్నెండు సెకన్లకు మించకూడదు. ఆయన మొత్తం సమయం ఆ హద్దులోనే ఉంది. ఒక్కో చూపు మాత్రం హద్దు దాటుతోంది. ప్రమాదం మొత్తంలో కంటే ఆ ఒక్క చూపులోనే ఎక్కువ ఉంటుంది.

మూడో వారం మొదట్లో కారుకు ఇంటర్నెట్ ద్వారా కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏసీ గుర్తు ఎడమ అడుగు నుంచి మధ్యకు జరిగింది. రెండు వారాల కంఠస్థం ఒక్క రాత్రిలో పనికిరాకుండా పోయింది. ఆయన కోపగించుకోలేదు, “మీటయితే రాత్రికి రాత్రి జరగదు గదప్పా” అని మాత్రం అన్నారు. అప్పుడు నాకు అర్థమైంది, నేను నేర్పుతున్నది ఆయన వేళ్లకు ఎప్పటికీ అలవాటు కాలేని వస్తువునని. నున్నటి గాజుకు అంచు లేదు, ఎత్తుపల్లం లేదు, నొక్కితే టక్కుమనదు. వేలికి ఏమీ చెప్పని వస్తువును కంటితోనే వాడాలి. కన్ను రోడ్డుకు కావాలి. నేర్పాల్సింది తెరను వేగంగా వాడటం కాదు. కారు కదులుతున్నంతసేపూ తెర అవసరమే రాకుండా చూసుకోవడం.

స్వీడన్‌లోని వి బిలాగరే అనే కార్ల పత్రిక 2022లో చేసిన పరీక్ష ఇక్కడ చెప్పాలి. గంటకు 110 కిలోమీటర్ల వేగంతో వెళ్తూ ఏసీ, రేడియో, తెర వెలుగు వంటి నాలుగు రకాల పనులు చేయడానికి ఎంత సమయం పడుతుందో కొలిచారు. బటన్లున్న 2005 నాటి వోల్వో వి70లో పది సెకన్లు పట్టింది. ఆ వ్యవధిలో కారు 306 మీటర్లు పోయింది. పరీక్షించిన కొత్త తెర కార్లలో అన్నిటికంటే వెనుకబడినదానికి 44.9 సెకన్లు పట్టింది. అది 1,372 మీటర్లు పోయింది. ఆ పరీక్షలో చోదకులకు ముందుగా కార్లను అలవాటు చేసుకునే సమయం ఇచ్చారు. ఈ అంకెలు చదివి వినిపించిన రోజు మాస్టారి ముఖంలో కనిపించిన ఊరటను నేను మరచిపోను. తప్పు తన వయసుది కాదన్న సంగతి ఆయనకు అంకెల్లో కావలసి వచ్చింది.

కంటి సంగతి

వయసు పాత్ర అసలు లేదని కూడా అనలేను. వీడియోలు మళ్లీ మళ్లీ చూస్తే ఒక విషయం కనిపించింది: తెర వైపు చూసే ప్రతిసారీ ఆయన గడ్డం కొద్దిగా పైకెత్తి, మళ్లీ దించుతున్నారు. ఆయనది రెండు భాగాల అద్దాల జోడు. పై భాగం దూరానికి, కింది భాగం పుస్తకానికి. పుస్తకం నలభై సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. కారు తెర చెయ్యి చాచినంత దూరంలో, అంటే అరవై ఐదు, డెబ్బై సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. నలభై దాటాక కంటిలోని కటకం దగ్గరి వస్తువులకు సర్దుకునే శక్తి తగ్గుతూ వస్తుంది కాబట్టి ఆ మధ్య దూరం ఆయన జోడులో ఏ భాగానికీ అందడం లేదు. పాత ఆల్టోలో ఈ లోపం ఎన్నడూ బయటపడలేదు, ఎందుకంటే అక్కడ ఆ దూరంలో చదవాల్సింది ఏదీ లేదు.

ఆయనను కంటి వైద్యుడి దగ్గరకు పంపాను. మధ్య దూరానికి కూడా పనికొచ్చే ప్రోగ్రెసివ్ అద్దాలు రాశారు. అవి అలవాటు కావడానికి పది రోజులు పట్టింది. ఆ పది రోజులూ స్టీరింగ్ ముట్టవద్దని చెప్పాను, ముట్టలేదు. ఆ తర్వాత తీసిన వీడియోలో గడ్డం ఎత్తడం పోయింది, చూపులు ఒకటిన్నర సెకనుకు దిగాయి. నేను రెండు వారాలు చెప్పిన పాఠం చేయలేని పని ఒక జత అద్దాలు చేశాయి. యాభై దాటిన శిష్యుడు ఎవరు వచ్చినా ఇప్పుడు నేను అడిగే మొదటి ప్రశ్న జోడు గురించే. రాత్రివేళ తెర వెలుగు కూడా ఇలాంటిదే. తెల్లటి తెర పక్కనుంటే చీకటి రోడ్డు మరింత చీకటిగా కనిపిస్తుంది. చీకటి పడగానే తెర నల్లరంగుకు మారేలా ఒకసారి అమర్చి వదిలేశాం.

చేతికి కొత్త అలవాటు

తనపల్లి దగ్గర ఇంకా ఇళ్లు లేని ఒక లేఔట్‌లో ఉదయం ఆరు గంటలకు మా పాఠాలు జరిగేవి. కారులో చేసే పనులన్నిటినీ కాగితం మీద మూడు కుప్పలుగా విడదీశాం. నడుస్తుండగా చేయక తప్పనివి మొదటి కుప్ప: ఇండికేటరు, హారను, వైపరు, దీపాల డిమ్ము డిప్పు, అద్దం మీది ఆవిరి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు చేసుకోదగినవి రెండోది: ఏసీ వేడి, గాలి ఎటు రావాలన్నది, పాట. గేరు పి లో, అంటే కారు నిలిపి ఉంచే స్థానంలో, ఉంటే తప్ప ముట్టకూడనివి మూడోది: దారి చూపే మ్యాప్‌లో ఊరు పేరు కొట్టడం, ఫోన్ జత చేయడం, సెట్టింగులన్నీ.

మొదటి కుప్పలో నాలుగు పనులకు ఈ కారులో నిజమైన మీటలున్నాయి. అద్దం మీది ఆవిరి ఒక్కటే తెరలో ఇరుక్కుంది. స్టీరింగ్ మీద మనకు నచ్చిన పని అప్పగించుకోగల బటన్ ఒకటి ఉందని వాహనం పుస్తకంలో 140వ పేజీ దాటాక గాని నాకు కనిపించలేదు. అప్పటిదాకా అది పాటల పేజీ తెరవడానికి వాడుకలో ఉంది. దానికి ఆవిరి తుడిచే పని అప్పగించాం. తర్వాత కారు నిలిపి, కళ్లు మూయించి, నేను “ఆవిరి” అంటే బొటనవేలు అక్కడికి వెళ్లాలి, “వైపరు” అంటే ఎడమ మీటకు, “హారను” అంటే మధ్యకు. ఐదు రోజులు, రోజుకు పది నిమిషాలు. ఆయన ఒకప్పుడు పిల్లలకు ఎక్కాలు ఎలా వేయించారో అలాగే వేయించుకున్నారు.

ఏసీని ఆటోలో, అంటే తానే సర్దుకునే పద్ధతిలో, 24 డిగ్రీల వద్ద పెట్టి, ఇక ముట్టవద్దన్నాను. దీపాలు, వైపరు కూడా ఆటోలో. తిరుపతి ఎండలో ఆయన భార్యకు చలువ ఎక్కువ కావాలి, ఆయనకు తక్కువ కావాలి. ఆ సర్దుబాటు ఆమె చేతికి ఇచ్చాం. పక్కన మనిషి ఉంటే తెర వాళ్లది అన్నది మా నియమం. మాటతో నడిచే ఏర్పాటును కూడా ప్రయత్నించాం. ప్రశాంతంగా ఉన్నప్పుడు వినేది, వాన చప్పుడులో వినేది కాదు. అవసరమైన వేళ పనిచేయనిదాని మీద ఆధారపడవద్దని దాన్ని పక్కన పెట్టాం. ఐరోపాలో కార్ల భద్రతకు నక్షత్రాలిచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటరు, ప్రమాద హెచ్చరిక దీపాలు, హారను, వైపరు, అత్యవసర సహాయ పిలుపు, ఈ ఐదింటికి చేతితో నొక్కే లేదా తిప్పే మీటలుంటేనే పూర్తి మార్కులకు అర్హతనిస్తామని ప్రకటించింది. నా మట్టుకు ఆ జాబితాలో అద్దం మీది ఆవిరి కూడా ఉండాలి; కరకంబాడి రోడ్డు అనుభవం తర్వాత ఈ మాటలో నాకు అనుమానం లేదు.

కాలు నేర్చుకున్నది, మరచిపోయినది

తెర గురించి వచ్చిన మనిషి కాలి గురించి ఏమీ చెప్పలేదు. నాకు మాత్రం కాలే ఎక్కువ భయం కలిగించింది. క్లచ్ లేని కారులో ఎడమకాలికి పని లేదు. కానీ ఇరవై రెండేళ్ల అలవాటు ఊరుకోదు. లేఔట్‌లో నేను ఉన్నట్టుండి “ఆపండి” అన్నప్పుడు ఆయన రెండు కాళ్లూ ఒకేసారి కిందికి వెళ్లాయి. ఎడమకాలు క్లచ్ అనుకొని బ్రేకు పెడల్‌నే అదిమింది. క్లచ్‌ను అడుగంటా తొక్కే కాలికి బ్రేకును కొలిచి తొక్కడం తెలియదు. కారు ముందుకు తూలి ఆగింది. వెనుక లారీ ఉండి ఉంటే సంగతి వేరు. ఎడమకాలి మడమను కుర్చీ అంచుకు ఆనేంత వెనక్కి పెట్టించి, నాలుగు వారాలు ప్రతి పాఠం మొదట్లో ఆ ఆపడం ఇరవైసార్లు చేయించాను.

రెండో సంగతి రీజెన్. యాక్సిలరేటరు మీద నుంచి కాలు తీయగానే మోటారు జనరేటరుగా మారి, చక్రాల కదలికను కరెంటుగా మార్చి బ్యాటరీకి పంపుతుంది. ఆ పనిలో కారు వేగం తగ్గుతుంది. ప్యాడిళ్లతో దాని బలాన్ని సున్నా నుంచి మూడు దాకా మార్చుకోవచ్చు. కుమారుడు మూడులో పెట్టి ఇచ్చాడు, కరెంటు ఎక్కువ మిగులుతుందని. మూడులో నడిపితే తిరుపతి ట్రాఫిక్‌లో బ్రేకు ముట్టకుండానే రోజంతా గడిచిపోతుంది. సౌకర్యమే. కానీ నెల రోజులు అలా నడిపినవారి కుడికాలు, అవసరం వచ్చినప్పుడు యాక్సిలరేటరు నుంచి తీసి గాలిలో ఆగిపోవడం నేను చూశాను. కాలు తీస్తే చాలన్న నమ్మకం బ్రేకు దాకా కాలిని పోనివ్వదు. అందుకని మొదటి ఆరు వారాలు ఒకటో స్థాయిలో, పాత కారు ఇంజన్ పట్టు ఎంతుండేదో సుమారు అంతే పట్టు ఉండేలా నడిపించాను. ఆ తర్వాతే రెండు. మూడు ఈనాటికీ ఆయన వాడరు. ఏ స్థాయిలో కాలు తీస్తే వెనుక బ్రేకు దీపం వెలుగుతుందో కూడా ఒక సాయంత్రం ఆయనను కారు వెనుక నిలబెట్టి, నేను నడిపి చూపించాను. వెనకవాళ్లకు మన వేగం తగ్గిందని ఎప్పుడు తెలుస్తుందో చోదకుడికి తెలిసి ఉండాలి.

విద్యుత్ మోటారు నిలుచున్న చోటు నుంచే తన పూర్తి లాగుడు ఇస్తుంది. పెట్రోలు కారులో తప్పుగా తొక్కినా ఇంజన్ అరుపు ముందే హెచ్చరిస్తుంది. ఇక్కడ చప్పుడు లేదు. అదే మౌనం ఇంటి దగ్గర మరో ఇబ్బంది తెచ్చింది. కారు డి లో, అంటే ముందుకు నడిచే గేరులో, ఉండగానే, చప్పుడు లేదు కాబట్టి ఆగిపోయిందనుకొని ఆయన బెల్టు విప్పడం రెండుసార్లు చూశాను. పి నొక్కు, హ్యాండ్‌బ్రేకు గుర్తు ఎర్రగా వెలిగిందా చూడు, స్విచ్ ఆపు, తెర ఆరేదాకా తలుపు తీయవద్దు. ఈ నాలుగూ ఆయన పైకి చదువుతూ చేసేవారు, ఇప్పటికీ చదువుతారు. తెల్లవారుజామున వీధిలో ముగ్గులు వేసే ఆడవాళ్లకు వెనుకనుంచి ఈ కారు వచ్చేది వినిపించకపోవచ్చు కాబట్టి, రివర్సు తీసే ముందు కెమెరా కంటే ముందు అద్దాలు, అద్దాల కంటే ముందు తల తిప్పడం అన్న వరుస పెట్టుకున్నాం.

యంత్రాన్ని ఎంతవరకు నమ్మాలి

ఆరో వారం దాకా క్రూయిజ్, గీతల సాయం రెండింటినీ ఆపి ఉంచాను. అత్యవసర బ్రేకును మాత్రం ఒక్క రోజు కూడా ఆపనివ్వలేదు. గాంధీ రోడ్డులో ఆటోలు దూరినప్పుడల్లా అది కీకీమని మొరపెట్టేది. “దీన్ని తీసేయప్పా, తల పగిలిపోతాది” అన్నారు. దాన్ని తీసేయనని, ఆ అరుపు దేని గురించో గుర్తుపట్టడం నేర్పుతానని చెప్పాను. కారు చేసే చప్పుళ్లన్నిటినీ నిలిపిన చోట ఒక్కొక్కటిగా వినిపించి పేరు చెప్పించాను: బెల్టుది, గీత దాటినది, ముందు వాహనానిది. పేరు తెలియని చప్పుడు మనిషి చేత తెర చూపిస్తుంది; పేరు తెలిసినది రోడ్డు చూపిస్తుంది.

ఈ కార్లలోని అడాస్, అంటే నడపడంలో చోదకుడికి సాయపడే ఈ ఏర్పాట్లన్నీ, రెండో స్థాయిది. అంతర్జాతీయంగా వాడే సున్నా నుంచి ఐదు దాకా ఉన్న వర్గీకరణలో రెండో స్థాయి అంటే, వేగమూ స్టీరింగూ యంత్రం కొంతసేపు చూసుకున్నా నడుపుతున్నది మనిషే, కన్ను రోడ్డు మీద ఉండాల్సిందే. కుమారుడు ఫోన్లో “కారే నడుపుకుంటుంది నాన్నా” అన్న మాట ఆయన మనసులో పాతుకుపోయింది. దాన్ని పెకలించడానికి యంత్రం ఎప్పుడు చేతులెత్తేస్తుందో చూపించడం కంటే మంచి దారి నాకు తోచలేదు. చిత్తూరు వెళ్లే ఆరు వరుసల రహదారి మీద గీతలు తెల్లగా ఉన్నచోట గీతల సాయం చక్కగా పట్టుకుంది. చంద్రగిరి ఊరి లోపలికి తిరిగితే గీత మాసిపోయిన చోట చడీచప్పుడు లేకుండా వదిలేసింది. మీటర్లో ఒక చిన్న ఆకుపచ్చ గుర్తు బూడిదరంగుకు మారింది, అంతే. ఆయన చేత ఆ మార్పును పదిహేనుసార్లు పైకి చెప్పించాను. “ఉంది. పోయింది. వచ్చింది.” ఇండికేటరు వేయకుండా సైకిలును తప్పించబోతే స్టీరింగ్ ఎదురు లాగడం చూసి ఆయన మొదట బెదిరారు. ఇండికేటరు వేస్తే లాగదని తెలిశాక, పాత కారులో సరిగా లేని ఇండికేటరు అలవాటు దానంతట అదే కుదురుకుంది. ఈ మేలు నేను ఊహించనిది.

తమిళుల పెరటాసి నెలలో (సెప్టెంబరు, అక్టోబరు మధ్య) తమిళనాడు నుంచి కాలినడకన వచ్చే భక్తులు తెల్లవారుజామున పుత్తూరు రోడ్డు అంచున గుంపులుగా నడుస్తుంటారు. చీకట్లో, వానలో మనుషులను గుర్తించలేకపోవచ్చని కారు పుస్తకమే రాసింది. ఆ వేళల్లో ఆ దారిలో క్రూయిజ్ పెట్టకూడదన్నది ఆయన చేత నోటుపుస్తకంలో రాయించాను.

ఘాట్ రోడ్డు

తిరుపతిలో శిక్షణ అంటే చివరకు కొండ ఎక్కి దిగాల్సిందే. తొమ్మిదో వారం ఇద్దరం తిరుమల వెళ్లాం. ఎక్కడానికి 1974లో తెరిచిన రెండో ఘాట్ రోడ్డు, దిగడానికి 1944లో తెరిచిన మొదటిది. దిగే దారి సుమారు 19 కిలోమీటర్లు, దాదాపు 700 మీటర్ల ఎత్తు తేడా. కిందికి 40 నిమిషాల కంటే ముందు చేరకూడదన్న నిబంధన ఉండటం నాకు బాగా కలిసొచ్చింది. తొందరపడాలన్న ఆలోచనే రాదు.

క్రూయిజ్ ఘాట్‌లో ఎందుకు పనికిరాదో బయలుదేరే ముందే బొమ్మ గీసి చెప్పాను. ముందు వెళ్లే బస్సు మలుపు తిరిగి రాడారు చూపు నుంచి తప్పుకుంటే, దారి ఖాళీ అయిందనుకొని కారు పెట్టిన వేగం అందుకోవడానికి ముందుకు దూకుతుంది. మలుపు సరిగ్గా అక్కడే ఉంటుంది. ఆయన ఒక్కసారి విని తలూపారు.

రీజెన్ లెక్క మాత్రం ఆయనే చేశారు. మనుషులతో కలిపి 1,850 కిలోల కారు 700 మీటర్లు దిగితే విడుదలయ్యే శక్తి సుమారు మూడున్నర యూనిట్లు. అందులో టైర్ల రాపిడికి, గాలికి, మార్పిడిలో పోయేది పోగా సగానికంటే తక్కువ బ్యాటరీకి చేరుతుంది. రెండో స్థాయిలో దిగాం. బ్యాటరీ 71 శాతం నుంచి 74కు పెరిగింది. “ఒకటిన్నర యూనిట్ తావ వచ్చినాదప్పా, లెక్క కుదిరింది” అని అలిపిరి దగ్గర ఆయన ముఖం వెలిగిపోయింది. ఈ కారు మీద ఆయనకు ఇష్టం కలిగింది ఆ క్షణంలోనే అనుకుంటాను. భయపడుతూ నేర్చుకునేవారికి ఏదో ఒకచోట ఇలాంటి ఇష్టం కలగకపోతే పాఠం నిలవదు.

అదే లెక్కకు మరో వైపు ఉంది, దాన్ని చాలామంది చెప్పరు. బ్యాటరీ నిండా ఉంటే కొత్త కరెంటుకు చోటు ఉండదు కాబట్టి రీజెన్ తగ్గిపోతుంది లేదా ఆగిపోతుంది. కింద నూరు శాతం నింపుకొని ఎక్కితే ఎక్కేటప్పుడు ఖర్చయ్యేది చోటు చేస్తుంది; ఇబ్బంది లేదు. కొండమీద చార్జింగ్ పెట్టి నూరు శాతంతో దిగడం మొదలుపెడితే, అలవాటైన పట్టు మొదటి మలుపులోనే కనిపించదు. అక్కడ కుడికాలు ఆలోచించకుండా బ్రేకు మీదికి వెళ్లాలి. ఆ సందర్భం కోసం రీజెన్‌ను సున్నాలో పెట్టి, అడపాదడపా గట్టిగా తొక్కి వదిలే పద్ధతిలో బ్రేకుతోనే రెండు మలుపులు దింపించాను. నిలకడగా కాలు ఆనించి ఉంచితే బ్రేకు వేడెక్కుతుందని ఆల్టో రోజుల నుంచి ఆయనకు తెలుసు. పాత కారు నేర్పినది పనికొచ్చిన చోటు ఇది.

పదకొండో వారం తర్వాత

డిసెంబరు మొదటి వారంలో పాఠాలు ముగించాం. చివరి వీడియోలో రేణిగుంట నుంచి ఇంటిదాకా ఆయన తెర వైపు చూసినది నాలుగుసార్లు, ప్రతిసారీ సిగ్నల్ దగ్గరే. వానలేని రోజు కాబట్టి ఆవిరి బటన్‌ను దారిలో రెండుసార్లు అడిగాను. బొటనవేలు కన్ను కదపకుండా వెళ్లింది. ఎడమకాలు మాత్రం ఉన్నట్టుండి ఆపమన్నప్పుడు ఇంకా కొద్దిగా కదులుతుంది, పెడల్ దాకా పోదు. రాత్రివేళ దూరప్రయాణం నేను ఇంకా ఒప్పుకోలేదు. ఆయన కూడా అడగలేదు. ఆయన భార్య తొలిసారి మళ్లీ కారెక్కినది తిరుచానూరు వెళ్లడానికి, కార్తీక మాసంలో. వెనుక సీటులో కాకుండా ముందే కూర్చున్నారు, ఏసీ తన చేతిలో ఉంటుందని.

ఫిబ్రవరిలో ఒక ఉదయం ఆయన ఫోన్ చేశారు. “రాత్రి మళ్లీ మార్చినారప్పా తెరంతా. ఆవిరి బటన్‌ను పాటలకే పెట్టేసినారు.” ఎలా తెలిసిందని అడిగాను. బయలుదేరే ముందు షెడ్డులోనే కళ్లు మూసుకొని ఐదు బటన్లూ ఒకసారి నొక్కి చూసుకున్నానని, ఆవిరి రావాల్సిన చోట పాట వచ్చిందని, కారు పి లో ఉండగానే దాన్ని మళ్లీ సరిచేశానని చెప్పారు. బ్యాంకుకు ఇరవై నిమిషాలు ఆలస్యమైందట.